వెలిసిన బొచ్చునకు రంగుపూత మందు కాదు

శీతకాలము ప్రవేశించి, హైదరాబాదు మొదలుకొని చెన్నపట్టణము వరకును శునక ప్రదర్శనలు ప్రారంభమైనప్పుడు, రింగులోనికి నడచివచ్చు నల్లని లాబ్రడారుల వీపులమీదను, కాకర్ స్పానియలుల చెవుల అంచులమీదను, గడచిన వేసవినాటి యెండ మిగిల్చిపోయిన తుప్పువన్నె జీర యొకటి తరచుగా కనబడుచుండును. దానిని చూచి యజమాని చిన్నబుచ్చుకొనును. కంచెకు వెలుపల నిలిచినవారు చెవులు కొరుకుకొందురు. న్యాయనిర్ణేత క్షణకాల మాగి, మారుమాటలేక ముందునకు సాగిపోవును. మరుసటి యేడు అదే కుక్క కన్నులు చెదరు నలుపుతో నిగనిగలాడుచు వచ్చినయెడల, ఆ నలుపు పోషణమువలన కలిగినదా, సీసాలోనుండి దిగినదా యని నిలదీసి యడుగువారు మాత్రము మిక్కిలి తక్కువ. ఈ మౌనమువలననే ఒక దురాచారము మన ప్రదర్శనలలో నెమ్మదిగా వేరూనుచున్నదని నా భయము. ఎండకు రంగు వెలియుటలో ఆ ప్రాణి దోషము గాని, దాని వంశదోషము గాని యేమియు లేదు. దానిని చాలవరకు ముందుగనే నివారింపవచ్చును. జరిగినపిమ్మట ఓపికతో కొత్త రోమమును పెంచుకొని మరమ్మతు చేసికొనవచ్చును. పూత పూసి కప్పిపుచ్చుట మాత్రము కూడదు. రంగును కాపాడు నెపమున మూగజీవిని ఏడాది పొడుగునను చీకటిగదిలో నుంచుటయు కూడదు.

రోమము చర్మమును దాటి వెలుపలికి వచ్చినంతనే నిర్జీవ పదార్థమగును. జీవకణములు పనిచేయునది చర్మము లోపలి రోమకూపమునందు మాత్రమే. అచ్చట మెలనిన్ అను వర్ణద్రవ్యము సూక్ష్మరేణువులుగా తయారై, పెరుగుచున్న వెంట్రుకలోనికి చేరుచుండును. నలుపును ముదురు గోధుమవన్నెను ఇచ్చు యూమెలనిన్, ఎరుపు పసుపు ఛాయలనిచ్చు ఫియోమెలనిన్ అని ఇది రెండు విధములు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు వెంట్రుకపై పడినప్పుడు వాని తాకిడిని తాను భరించి, లోపలి కెరటిన్‌ను కొంతవరకు కాపాడునది ఈ మెలనినే. అట్లు కాపాడుచు కాపాడుచు అది తానే ఆక్సీకరణము చెంది క్రమముగా విచ్ఛిన్నమగును. నలుపు పలుచబడి తుప్పువన్నె బయటపడుటకు ఇదియే కారణము. మనుష్యుల శిరోజములపై జరిగిన పరిశోధనలనుబట్టి చూడగా, యూవీ-బి అనబడు హ్రస్వతరంగములు ప్రధానముగా వెంట్రుకలోని మాంసకృత్తును దెబ్బతీయుననియు, యూవీ-ఎ అనబడు దీర్ఘతరంగములు రంగును మార్చుననియు తేలుచున్నది. కిటికీ అద్దము మొదటివానిని చాలవరకు ఆపునుగాని, రెండవవానిని చాలవరకు లోనికి విడిచిపెట్టును. కనుక అద్దాల తలుపువెనుక ఎండ పడుచోట దినమంతయు పరుండు కుక్కకు, ఇంటిలోపల నున్నంతమాత్రమున రంగు నిలుచునని తలంపరాదు.

నీరు తోడైనచో ఈ ఆక్సీకరణము మరింత త్వరపడును. తడిచీరను మిట్టమధ్యాహ్నపు టెండలో ఆరవేసిన రంగు పోవునని నీడపట్టున ఆరవేయుట మన యిండ్లలో తరతరములనుండి తెలిసిన జాగ్రత్తయే; అదే యింట స్నానము చేయించిన కుక్కను మాత్రము మేడమీది యెండలో గొలుసుతో కట్టి గంటలకొలది ఆరబెట్టుచుందురు. నా యెరుకలో మన ప్రాంతపు నల్లని కుక్కల రంగును ఇంతగా చెరచుచున్న అలవాటు మరియొకటి లేదు. దీనిని మానిపించుటకు పైకము ఖర్చులేదు, కావలసినదెల్ల ఒక పొడి తువాలును, పంకాక్రింద కొంత నీడయును. విశాఖపట్టణములోను కాకినాడలోను సముద్రమునకు తీసికొనిపోయి ఆడించువారు ఉప్పునీటిని, ఈతకొలనులో దింపువారు క్లోరినును, ఇంటికి చేరినవెంటనే మంచినీటితో కడిగివేయవలెను.

అయితే ఎర్రబడిన ప్రతి నల్లబొచ్చును ఎండ ఖాతాలో వ్రాయుట పొరపాటు. నిజమును తెలిసికొనుటకు వేళ్లతో బొచ్చును పాయదీసి మొదలుకంట చూచినచో చాలును. వెంట్రుక కొన దాని యందలి అన్నిటికన్న పాతభాగము, అన్నిటికన్న యెక్కువ యెండ చూచిన భాగము. కనుక కొన తుప్పువన్నెగా నుండి, మొదలు నల్లగా నున్నయెడల, అందును వీపు చెవులు తోక ఎక్కువగా వెలిసి పొట్టక్రింది భాగము చెక్కుచెదరక నున్నయెడల, అది నిస్సందేహముగా సూర్యుని పనియే. మొదలునందుకూడ రంగు తగ్గియుండినచో కారణమును వేరుచోట వెదకవలెను. పంజాలమీదను మూతిచుట్టును మాత్రమే ఎరుపు కనబడినచో అది తరచుగా నాకుటవలన పట్టిన లాలాజలపు మరక. అట్లు నాకుటకు మూలమైన దురద యేదియో పశువైద్యుడు చూడవలెను. కొన్ని జాతులలో రంగు తగ్గుట పుట్టుకతో వచ్చిన ధర్మము: కెర్రీ బ్లూ టెర్రియర్ పిల్లలు నల్లగా పుట్టి, సుమారు ఏడాదిన్నర వయస్సునకు నీలిబూడిద వన్నెకు మారును, కొన్ని పూడిళ్లును ఇట్లే క్రమముగా నెరియును. థైరాయిడ్ గ్రంథి మందగించిన కుక్క బొచ్చుకూడ పేలవమై, పలుచబడి, రంగు మారుట కలదు. వీనిలో దేనికిని నీడ మందు కాదు.

ఆహారమును గురించి ఇచ్చట కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన మన యిండ్లలో జరుగు లోపము ఎక్కువగా ఇందులోనే కలదు. మెలనిన్ తయారగుటకు ముడిసరుకు టైరోసిన్ అను అమైనో ఆమ్లము. శరీరము దానిని ఫినైలలనిన్ అను మరియొక ఆమ్లమునుండియు చేసికొనగలదు. ఈ రెండును ఆహారములో కొరతవడినప్పుడు నల్లని పిల్లుల బొచ్చు ఎర్రబడుటను శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూచిరి. నల్లని న్యూఫౌండ్‌లాండ్ కుక్కలయందును ఆహారముతో రంగు మారుట పరిశీలింపబడినది. గమనింపదగిన విశేష మేమనగా, ఎదుగుదలకు చాలిన మోతాదుకన్న, నలుపు పూర్తిగా నిలుచుటకు కావలసిన మోతాదు హెచ్చు. అనగా కుక్క ఆరోగ్యముగా గెంతుచునే యుండవచ్చును, బరువు తగ్గకపోవచ్చును, అయినను దాని బొచ్చు ఎర్రబారుచుండవచ్చును. మూడుపూటలును పెరుగన్నముతో, అప్పుడప్పుడు పాలలో నానిన రొట్టెతో పెంచబడు నల్లని లాబ్రడారు వీపుమీది ఎరుపును చూచి యజమాని యెండను నిందించుచుండగా, అసలు దోషము పళ్లెములో నుండుట అరుదు కాదు. కుక్క తినిన మాంసకృత్తులలో ఇంచుమించు పాతికనుండి ముప్పది పాళ్లు చర్మమునకును రోమమునకునే వ్యయమగునని పశుపోషణ శాస్త్రము చెప్పుచున్నది. మాంసము, చేప, ఉడికించిన గ్రుడ్డు దానికి విలాసములు కావు. పచ్చిగ్రుడ్డు తెల్లసొనను అలవాటుగా పోయుట మంచిది కాదు. దానియందలి అవిడిన్ అను పదార్థము, చర్మమునకు రోమమునకు అవసరమైన బయోటిన్‌ను అందకుండజేయును.

రాగి విషయమున ఒక హెచ్చరిక చేయవలెను. టైరోసినును మెలనినుగా మార్చు కిణ్వమునకు రాగి అవసరమన్న మాట నిజమే; ఆ మాట విని కొందరు రాగి కలిసిన మాత్రలను తామే కొని తెచ్చి వేయుచున్నారు. రాగి హెచ్చుగా నిలువయై కాలేయము చెడు వ్యాధి బెడ్లింగ్‌టన్ టెర్రియరులలో ప్రసిద్ధమైనది. లాబ్రడారులలోను అది కలదు. వీపుమీది వన్నెకొరకు కాలేయమును బలిపెట్టుట యెంతటి అవివేకమో వేరుగ చెప్పనక్కరలేదు. రక్తపరీక్ష లేనిదే, వైద్యుని మాట లేనిదే, అట్టి మాత్ర యేదియు కుక్క నోటికి చేరరాదు.

ఇక ప్రదర్శనల ధర్మమునకు వత్తము. జాతిప్రమాణములను వ్రాసిన పెద్దలు ఎండయొక్క శక్తిని ఎరుగనివారు కారు. 1911లో స్థాపితమైన ఎఫ్.సి.ఐ. అను అంతర్జాతీయ శునకసంఘముల సమాఖ్యవారి 50వ సంఖ్యగల ప్రమాణము న్యూఫౌండ్‌లాండ్ జాతిది. అందు నలుపు సాధ్యమైనంతవరకు సమముగా నుండవలెనని చెప్పుచునే, ఎండకు కమలిన స్వల్పచ్ఛాయ అనుమతింపదగినదని స్పష్టముగా పేర్కొనబడినది. అమెరికావారి ప్రమాణముకూడ ఆ జాతి నలుపులో కంచువన్నె జీరను అంగీకరించును. స్కిపర్కీ అను చిన్నజాతి విషయములో ప్రమాణము మరింత కఠినము: నలుపు తప్ప మరియొక రంగు పనికిరాదు, అయినను బొచ్చు రాలు కాలమున తాత్కాలికముగా ఎర్రజీర కనబడవచ్చుననియు, మొత్తపు నలుపును అది యెంతమేరకు చెరచునో అంతమేరకే తగ్గింపు చేయవలెననియు, ఏడేండ్లు నిండిన కుక్కకు నెరపు వచ్చినచో తప్పు పట్టరాదనియు అమెరికన్ ప్రమాణము విధించుచున్నది. ఈ రెండు జాతుల ప్రమాణములలోను నాకు నచ్చిన గుణ మొక్కటియే: కాలమును, వయస్సును, ఋతువును లెక్కలోనికి తీసికొనుట. మన యెండలకు దూరమున, చల్లని దేశములలో కూర్చుండి వ్రాసినవారే ఇంత ఔదార్యము చూపగా, వేసవిలో యూవీ సూచిక పదకొండును దాటి, ప్రపంచ ఆరోగ్యసంస్థ తీవ్రాతితీవ్రమని లెక్కించు స్థాయిని చేరు దక్కనులో, అంతకన్న సంకుచితదృష్టితో తీర్పు చెప్పుట న్యాయము కాదు.

ఔదార్యము పూతవరకు పోరాదు. 1884లో నెలకొనిన అమెరికన్ కెన్నెల్ క్లబ్బువారి నియమావళి ప్రకారము, సహజవర్ణమునుగాని దాని ఛాయనుగాని మచ్చలనుగాని ఏ పదార్థముచేతనైనను మార్చిన కుక్కకు బహుమతి లేదు. శుభ్రము చేయుటకు వాడిన వస్తువు సైతము రింగులో ప్రవేశించుటకు ముందే తొలగిపోవలెను. ఈ నియమమునకు వెనుకనున్న హేతువు చాల గంభీరమైనది. ప్రదర్శన యన్నది మరుసటి తరమునకు తల్లిదండ్రులను ఎన్నుకొను స్థలము. రంగు వేసిన మగకుక్కను చాంపియనుగా నిలబెట్టినచో, దాని పిల్లలను కొనువాడు పుట్టుకలో లేని గుణమునకు వెల చెల్లించినవాడగును. అదిగాక జంతువుకు కలుగు హాని యొకటి కలదు. మనుష్యుల కేశములకు వాడు నల్లరంగులలో పెక్కింట పారాఫెనిలీన్‌డయమిన్ ఉండును. దానిని మ్రింగినచో గొంతు వాచి ఊపిరి ఆడకపోవుటయు, కండరములు చితికి మూత్రపిండములు చెడుటయు సంభవించునని మన తెలుగుదేశపు ఆసుపత్రుల వైద్యులకు బాధాకరమైన అనుభవముచే బాగుగా తెలియును. మనుష్యుడు తల నాకుకొనడు; కుక్క తన వొంటిని నాకుకొనును. ప్రదర్శనకు ముందురాత్రి ఆ రంగును దాని వీపునకు పట్టించువారు ఈ ఒక్కమాటను తలచుకొనిన చాలును. రంగు కలిపిన షాంపూలును ఇదే కోవలోనివి. వానివలన హాని తక్కువ కావచ్చును గాని, రింగులో వానికి స్థానము లేదు.

అట్లయిన వెలిసిన బొచ్చును మరల నల్లగా చేయుట యెట్లు? నిర్జీవమైన కొనకు పోయిన మెలనిన్ ఏ తైలముతోను తిరిగిరాదు. కొబ్బరినూనెయు కండిషనరును వెంట్రుక పొలుసులను అణచి నునుపుచేసి, కాంతి సరిగా ప్రతిఫలించునట్లు చేయునేగాని, వర్ణమును సృష్టింపజాలవు. పాతది పోవలెను, కొత్తది రావలెను. అందుకు కాలము పట్టును. లాబ్రడారుల బొచ్చును కత్తిరించి పరిశీలించినవారు, అది మరల పూర్తిగా పెరుగుటకు పదమూడునుండి పదునైదు వారములు పట్టినట్లు కనుగొనిరి. ఆఫ్‌గన్ హౌండువంటి దీర్ఘరోమ జాతులలో ఏడాదిన్నరవరకు పట్టవచ్చును. ఈ లెక్కను వెనుకనుండి చూచినయెడల, డిసెంబరు ప్రదర్శనలో న్యాయనిర్ణేత చేతిక్రిందికి వచ్చు లాబ్రడారు బొచ్చులో చాలభాగము శ్రావణ భాద్రపదములలో మొలకెత్తినదని తేలును. కార్తికమాసమున మేలుకొని నూనెలు వెదకు యజమాని అప్పటికే ఆలస్యము చేసినవాడు. వానకాలమునందే పోషణము సరిచూచుకొనినవాడు నిశ్చింతగా నుండును.

పాతరోమమును తొలగించు పనిలో జాతికొక పద్ధతి కలదు, ఈ భేదము తెలియకనే చాలమంది చెరుపు చేయుచున్నారు. లాబ్రడారు, జర్మన్ షెపర్డువంటి రెండు పొరల బొచ్చు గలవానిని నున్నగా గొరిగించరాదు. గొరిగినచోట నెలల తరబడి బొచ్చు రాక నిలిచిపోవుట సంభవించును, వచ్చినను నేతయు రంగును మారవచ్చును, పైగా చర్మము నేరుగా ఎండపాలగును. వానికి కావలసినది రాలు కాలమున ప్రతిదినమును దువ్వుటయే. లోపలిపొరలో చిక్కుకొని యుండిపోయిన చచ్చిన ఉన్నియే సగము తుప్పువన్నెకు కారణము. పూడిలునకు బొచ్చు నిరంతరము పెరుగుచుండును గనుక, వెలిసిన కొనలను కొంచెము కొంచెముగా కత్తిరించుచు పోయినచో మొదటి నలుపు పైకి వచ్చును. టెర్రియరులకును స్పానియలులకును మాత్రము కత్తెరకన్న చేతివ్రేళ్లు మేలు: పండి వదులైన వెంట్రుకను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి, పెరుగు దిశగా, నొప్పి కలుగకుండ పెరికివేయుట యన్నది పూర్వపు పెంపకందారుల విద్య. యంత్రముతో గొరిగినప్పుడు పాతవెంట్రుక మొదలు చర్మములోనే మిగిలి, మెత్తని పేలవపు ఉన్నికే తావిచ్చును. చేతితో తీసినప్పుడు ఆ కూపమునుండి కొత్త రోమము బిరుసుగను, గాఢవర్ణముతోను వెలువడును. గంటలకొలది ఓపిక కావలసిన ఈ పనిని యువకులైన గ్రూమరులు నేర్చుకొనుట లేదు. పది నిమిషములలో ముగియు యంత్రపు గొరుగుడుకే గిరాకి హెచ్చినది. ఈ విద్య మన పట్టణములలో అంతరించిపోవుట నాకు నిజముగా బాధ కలిగించు విషయము.

తెల్లని కుక్కల సంగతి వేరు. విరుదునగరము ప్రాంతపు రాజపాళయము జాతికి పాలవంటి తెలుపును గులాబివన్నె ముక్కును అందమనబడును; అట్టివానికి ఎండలో పోవుటకు రంగు లేదు, కాచుటకు మెలనిన్ లేదు. ముక్కుమీదను పొట్టమీదను చెవుల అంచులందును చర్మము కమలి, ఏండ్ల తరబడి అట్లే సాగినచో క్యాన్సరునకు దారితీయవచ్చును. వానికి మనుష్యుల సన్‌స్క్రీన్ పూయుట ప్రమాదకరము. అందుండు జింక్ ఆక్సైడు, సాలిసిలేటులు నాకినచో విషమగును.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినపిమ్మట, వీనినన్నిటిని ఒక్కసారిగా పాటింపదలచి కుక్కను వెలుతురే చూపక బంధించువారిని గురించి చెప్పకుండ విడువలేను. నల్లదనము చెడునని మార్చినుండి అక్టోబరువరకు గదిలోనే యుంచి, ప్రదర్శనకు మాత్రము వెలుపలికి తెచ్చుటను నేర్పరితనముగా చెప్పుకొనువారు కలరు. కుక్కకు ఎండవలన డి విటమిను లభించునని వారికి సమాధానము చెప్పబోను. దాని చర్మము మన చర్మమువలె దానిని చాలినంతగా తయారుచేసికొనలేదు, అది ఆహారమునుండియే రావలెను. దానికి ఆరుబయలు కావలసినది వేరు కారణమునకు. పరుగెత్తుటకు, వాసనలు పట్టుటకు, తోటి కుక్కలను కలిసికొనుటకు పుట్టిన ప్రాణి అది. రోమము దానికొరకు పుట్టినదేగాని, రోమముకొరకు అది పుట్టలేదు. కర్నూలు జిల్లా పందికోన గ్రామపు కుక్కలను చూడుడు: పొట్టి బొచ్చుతో, ఆరుబయట, రాయలసీమ యెండలో కావలి కాచుచు వేటకు పోవుచు జీవించుచున్నవి; వాని అందమును కొలుచుటకు ఎవరును రంగుపట్టిక తేలేదు. ఉదయము యెండ ముదరకముందును, సాయంకాలము నేల చల్లారినపిమ్మటను నడిపించి, పగటివేళ చెట్టునీడనో వరండాలోనో నీటిగిన్నెతో ఉంచినచో, రంగును ఆనందమును రెండును నిలుచును. మంచుదేశపు హస్కీని మేనెలలో విజయవాడకు తెచ్చి నిలుపువారి సంగతి మాత్రము వేరే చర్చింపవలసినది. అచ్చట బొచ్చు వన్నెకన్న ముందుగా ప్రాణమును గురించి అడుగవలెను.

చెన్నపట్టణమున ప్రధాన కార్యాలయము గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాకు అనుబంధముగా ప్రదర్శనలు జరుపు మన తెలుగునాటి సంఘములవారు ఈ విషయమున చేయదగిన పనులు పెద్దవేమియు కావు. రింగునకును, కుక్కలు వేచియుండు స్థలమునకును నీడపందిరి వేయింపవచ్చును. నల్లని జాతుల తీర్పును ఉదయవేళకు జరుపవచ్చును. అనుమానము కలిగినప్పుడు తడిపిన తెల్లబట్టతో బొచ్చును తుడిచి చూచు అధికారమును రింగు పర్యవేక్షకునకు ఇచ్చి, ఆ సంగతిని ప్రవేశపత్రమునందే అచ్చువేయింపవచ్చును. న్యాయనిర్ణేతలును, పైకి కనబడు జీరను చూచి పెదవి విరుచుటకు మారుగా, బొచ్చును పాయదీసి మొదలును చూచి, అచ్చట గాఢవర్ణమున్నచో ఆ కుక్కకు రావలసిన స్థానమును జంకక ఇచ్చి, తాము ఏల ఇచ్చితిమో తీర్పువాక్యములో వ్రాయవలెను. మొదలు నల్లగానున్నదను ఆ ఒక్కమాట అచ్చులో చూచిన యజమానికి, మరుసటి యేడు రంగుసీసా కొనవలసిన అవసరము తోచదు.